ఒక వీసా, అనేక దేశాలు: స్వల్పకాల పర్యటనలో రోజుల లెక్క

ఒక దేశపు పౌరుడు మరొక దేశంలో కొద్ది రోజులు గడిపి తిరిగి రావడానికి ఆ దేశం ముందుగా ఇచ్చే అనుమతిని స్వల్పకాల సందర్శక వీసా అంటారు. ఇది స్థిర నివాసానికి గాని, ఉద్యోగానికి గాని, దీర్ఘకాలపు చదువుకు గాని ఇచ్చే అనుమతి కాదు. ఎందుకు రావచ్చో, ఎన్ని రోజులు ఉండవచ్చో, ఎన్నిసార్లు సరిహద్దు దాటవచ్చో నియమాలు ముందే నిర్ణయించి ఉంచుతాయి. ఒకే దేశానికి వెళ్లి వచ్చేవారికి ఈ నియమాలు తేలికగానే బోధపడతాయి గాని, ఒకే ప్రయాణంలో నాలుగైదు దేశాలు చూడదలచినవారికి ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్న మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

కృష్ణా డెల్టాలోని ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, బందరు (మచిలీపట్నం), దివిసీమ ప్రాంతాల్లో విదేశీ ప్రయాణమంటే చాలాకాలం అమెరికా ప్రయాణమే. పిల్లలు అక్కడ స్థిరపడిన తల్లిదండ్రులకు సాధారణంగా దొరికేది పదేళ్ల పాటు చెల్లే సందర్శక వీసా. అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో వీసా చెప్పదు. దిగిన విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు, ఐ-94 అనే రికార్డులో ఆ గడువు నమోదవుతుంది, అది ఎక్కువగా ఆరు నెలలు ఉంటుంది. పురుళ్లకూ మనుమల పెంపకానికీ వెళ్లి ఆ ఆరు నెలలూ ఉండి రావడం డెల్టా కుటుంబాల్లో మామూలైపోయింది. ఇప్పుడు జర్మనీకి, ఐర్లాండుకు, ఫ్రాన్సుకు చదువుల మీదా ఉద్యోగాల మీదా వెళ్లే పిల్లలు పెరగడంతో, అమెరికా ప్రయాణంలో ఆరితేరిన తల్లిదండ్రులే తొలిసారి ఐరోపా వీసాను చేతికి తీసుకుంటున్నారు. అమెరికా అలవాటుతో దాన్ని చదవడమే ఎక్కువ పొరపాట్లకు మూలం. అమెరికాకు ముందు వీసా తెచ్చుకొని, తర్వాత తీరికగా ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించుకోవచ్చు; ఐరోపాకు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారన్నది ముందు తేలాలి. ఏ దేశపు కార్యాలయానికి వెళ్లాలో, ఎన్ని ప్రవేశాలు కోరాలో, బీమా ఎన్ని రోజులకు తీసుకోవాలో అన్నీ ఆ రోజుల పట్టిక నుంచే పుడతాయి.

ఇరవై తొమ్మిది దేశాల ఉమ్మడి గుమ్మం

ఐరోపాలోని అనేక దేశాలకు ఒకే వీసా చెల్లుబాటు కావడానికి ఆధారమైన ఒప్పందం 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే గ్రామం దగ్గర, మోసెల్ నదిలో నిలిపిన ఓడ మీద కుదిరింది. బెల్జియం, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ అనే ఐదు దేశాలు తమ మధ్యనున్న సరిహద్దు తనిఖీలను క్రమంగా ఎత్తివేయడానికి అంగీకరించాయి. 1995 మార్చి 26 నుంచి ఆ ఏర్పాటు ఆచరణలోకి వచ్చింది. తర్వాత ఒక్కొక్క దేశమే చేరుతూ, 2023 జనవరి 1న క్రొయేషియా, 2024 మార్చిలో విమాన, సముద్ర మార్గాలకూ 2025 జనవరి 1 నుంచి భూమార్గాలకూ బల్గేరియా, రొమేనియా వచ్చి చేరడంతో సభ్యదేశాల సంఖ్య 29 అయింది. ఐరోపా సమాఖ్యలో లేని స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టీన్ ఇందులో ఉన్నాయి; సమాఖ్యలో ఉన్న ఐర్లాండ్, సైప్రస్ లేవు; బ్రిటన్ ఏనాడూ చేరలేదు. ఐరోపా సమాఖ్యను, షెంజెన్ ప్రాంతాన్ని ఒకటిగా భావించి, డబ్లిన్‌లో ఉన్న కుమార్తె దగ్గరికి షెంజెన్ వీసాతో వెళ్లవచ్చునని అనుకునేవారు ఈ తేడాను మొదటే గమనించాలి.

రాజ్యం ఇచ్చే షరతుల అనుమతి బందరు చరిత్రకు కొత్తది కాదు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నప్పుడు గోల్కొండ సుల్తానుల అనుమతి మీదనే ఆధారపడ్డారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన 'బంగారు ఫర్మానా' ఏటా 500 పగోడాలు చెల్లించే షరతు మీద గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవడానికి ఆంగ్లేయులను అనుమతించింది. నాడు బందరు రేవులో దిగినవారు ఫర్మానాలోని షరతులకు బద్ధులైనట్టే, నేడు ఇక్కడి నుంచి బయలుదేరేవారు వీసాలోని షరతులకు బద్ధులు. ఆ కాగితాన్ని ఏజెంటు చేతిలోనో పిల్లల చేతిలోనో వదిలేయకుండా ప్రయాణికులు స్వయంగా చదువుకోగలగాలి.

ముందు రోజులు, తర్వాత స్లాట్

ఐరోపా సమాఖ్య 2009లో చేసి, 2010 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న వీసా నియమావళి ప్రకారం, ఒకే ప్రయాణంలో అనేక షెంజెన్ దేశాలు చూసేవారు తమ 'ప్రధాన గమ్యం' అయిన దేశానికి దరఖాస్తు చేయాలి. ఎక్కువ రోజులు గడిపే దేశం, లేదా ప్రయాణానికి ముఖ్య కారణమైన దేశం ప్రధాన గమ్యం అవుతుంది. అలా ఏ ఒక్క దేశాన్నీ ప్రధానమని తేల్చలేనప్పుడు మాత్రమే, మొదట సరిహద్దు దాటి ప్రవేశించే దేశానికి దరఖాస్తు వెళ్తుంది. మొదట దిగే దేశానికే ఎప్పుడూ దరఖాస్తు చేయాలన్న ప్రచారం నియమంలోని చివరి మాటను పట్టుకొని మొదటి మాటను వదిలేయడం వల్ల పుట్టినది.

ఉయ్యూరు దగ్గరి గ్రామం నుంచి బయలుదేరే ఒక దంపతుల ప్రణాళికను ఉదాహరణగా తీసుకుంటే ఈ నియమం స్పష్టమవుతుంది. కుమారుడు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగి. దంపతులు మే 4న పారిస్‌లో దిగి, నాలుగు రోజులు అక్కడ ఉండి, రైలులో స్టుట్‌గార్ట్ చేరి కుమారుడి ఇంట్లో పద్నాలుగు రోజులు గడిపి, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో నాలుగు రోజులు, వెనిస్, రోమ్ నగరాల్లో ఐదు రోజులు చూసి, రోమ్ నుంచి తిరుగు విమానం ఎక్కుతారు. దిగేది ఫ్రాన్స్‌లో, ఎక్కేది ఇటలీలో అయినా, రోజుల లెక్కలోనూ ప్రయోజనంలోనూ జర్మనీయే ప్రధాన గమ్యం కాబట్టి దరఖాస్తు జర్మనీకి చెందిన కేంద్రంలోనే ఇవ్వాలి. కుమారుడి ఊసు లేకుండా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీల్లో ఐదేసి రోజుల యాత్రకు అదే దంపతులు వెళ్తే, మూడూ సమానమై, ఏ ఒక్కటీ ముఖ్యం కాదు కాబట్టి మొదట దిగే దేశం ముందుకు వస్తుంది. ఆ యాత్రలోనే ఇటలీకి మరో రెండు రోజులు కలిపితే దరఖాస్తు ఇటలీకి మారిపోతుంది.

ఆచరణలో ఈ వరుస తలకిందులవుతోంది. వేసవి సెలవులకు ముందు వేలిముద్రలు ఇచ్చే అప్పాయింట్‌మెంట్లు, అంటే అందరూ స్లాట్లు అని పిలిచేవి, కొన్ని దేశాలకు దొరకడం కష్టమవుతుంది కాబట్టి, ఏ దేశానికి స్లాట్ ఖాళీగా ఉంటే ఆ దేశం పేరు మీద ప్రణాళిక రాసి, వీసా పాస్‌పోర్టు మీద పడ్డాక మరో దేశంలో ఎక్కువ రోజులు గడపమని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఈ సలహాను ఎంత గట్టిగా తిరస్కరిస్తే అంత మంచిది. తప్పుడు ప్రణాళిక చూపి పొందిన వీసాను సరిహద్దులోనే రద్దు చేసే అధికారం నియమావళిలో ఉంది. దరఖాస్తుల సమాచారం, వేలిముద్రలు, తిరస్కరణలు అన్నీ సభ్యదేశాలన్నీ చూడగల ఉమ్మడి వ్యవస్థలో నిలిచి ఉంటాయి కాబట్టి, ఒక దేశంతో ఆడిన అబద్ధం మిగిలిన దేశాల కంట కూడా పడుతుంది. ప్రయాణం మొదలైన తర్వాత అనారోగ్యం వల్లనో రైలు సమ్మె వల్లనో రోజులు అటూ ఇటూ కావడం వేరు. అది ఎవరికైనా జరుగుతుంది, కారణం చూపే కాగితం దగ్గర ఉంటే చాలు.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, లోతైన పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. 2024 జూన్ 11 నుంచి పెద్దవారికి రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. దరఖాస్తు కేంద్రం తీసుకొనే సేవా రుసుము వేరు. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. ఉయ్యూరు మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాదుకు తీసుకుపోతుంది గనుక వేలిముద్రలకు అక్కడి దరఖాస్తు కేంద్రానికి వెళ్లడం పెద్ద శ్రమ కాదు గాని, పెద్దవయసువారిని ఒకే కాగితం కోసం రెండుసార్లు తిప్పకుండా ఫైలు మొత్తం ఇంటి దగ్గరే సరిచూసుకోవడం మేలు. దశాబ్దాల పొలం పనిలో వేలి గీతలు అరిగి, ఆధార్ యంత్రం దగ్గర ఇబ్బంది పడినవారు దీనికి భయపడనవసరం లేదు. పడినన్ని వేళ్ల ముద్రలు తీసుకొని ముందుకు సాగే వీలును నియమావళే కల్పించింది. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల వరకు తర్వాతి దరఖాస్తులకు పనికివస్తాయి.

తొంభై రోజులు, నూట ఎనభై రోజులు

షెంజెన్ ప్రాంతంలో స్వల్పకాలపు ఉనికికి గరిష్ఠ పరిమితి 'ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులు'. ఈ 29 దేశాలూ కలిసి ఒకే లెక్క. జర్మనీలో 90 రోజులుండి ఫ్రాన్స్‌కు మారితే మరో 90 మొదలుకావు. దిగిన రోజు, తిరిగి విమానం ఎక్కిన రోజు రెండూ పూర్తి రోజులుగానే లెక్కలోకి వస్తాయి. 180 రోజులను క్యాలెండరులోని అర్ధ సంవత్సరంగా గాని, మొదటిసారి దిగిన తేదీ నుంచి గాని లెక్కించకూడదు. అక్కడ ఉన్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కించి, ఆ వ్యవధిలో ఎన్ని రోజులు ఆ ప్రాంతంలో ఉన్నారో చూడాలి. రోజు గడిచేకొద్దీ ఆ వ్యవధి కూడా ముందుకు జరుగుతుంది కాబట్టి, పాత రోజులు ఒక్కొక్కటే లెక్క నుంచి జారిపోతాయి.

తేదీలు వేసి చూస్తే ఈ లెక్క ఎంత తేడా తెస్తుందో తెలుస్తుంది. అనేక ప్రవేశాలకు వీలున్న దీర్ఘకాల వీసా గల తల్లి 2026 ఏప్రిల్ 10న జర్మనీలో దిగి జూన్ 8న బయలుదేరిందనుకుంటే, ఏప్రిల్‌లో 21, మేలో 31, జూన్‌లో 8 కలిపి 60 రోజులు ఉన్నట్టు. కోడలి ప్రసవానికి ఆమె సెప్టెంబరు 1న మళ్లీ వెళ్తే, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కించిన 180 రోజులు మార్చి 6 దాకా వెళ్తాయి. పాత 60 రోజులూ అందులోనే ఉన్నాయి గనుక మిగిలినవి 30 మాత్రమే, సెప్టెంబరు 30 నాటికి ఆమె బయటికి రావాలి. అదే ప్రయాణాన్ని అక్టోబరు 7కు జరిపితే, ఆ రోజుటి లెక్క ఏప్రిల్ 11 నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి ఆమె ఉన్న ప్రతి కొత్త రోజుకు ఒక పాత రోజు రాలిపోతూ ఉంటుంది, కాబట్టి 2027 జనవరి 4 వరకు ఏకంగా 90 రోజులు ఉండవచ్చు. ఐదు వారాలు ఆగడం వల్ల ముప్పై రోజులు తొంభై అయ్యాయి. ప్రసవం సెప్టెంబరులోనే అయితే ఆగడం కుదరదు. అప్పుడు వసంతకాలపు ప్రయాణాన్నే కుదించుకొని రోజులు మిగుల్చుకోవాలి. ఆరు నెలలూ ఉండి వచ్చే అమెరికా అలవాటు ఐరోపాలో చెల్లకపోవడానికి కారణం ఇక్కడుంది. ఈ లెక్క వేసే సాధనాన్ని ఐరోపా సమాఖ్య తన వెబ్‌సైటులోనే ఉచితంగా ఇస్తోంది. టికెట్లు కొనేముందు తేదీలను అందులో వేసి చూసుకోవడం ఎవరికైనా అవసరమే.

ఈ 90 రోజులు గరిష్ఠ పరిమితి మాత్రమే. ప్రతి వీసాకూ అన్ని రోజులు దక్కవు. స్టిక్కరు మీద ఫలానా తేదీ 'నుంచి', ఫలానా తేదీ 'వరకు' అని ఒక వ్యవధి, 'ఉండగల రోజులు' అని ఒక అంకె, 'ప్రవేశాలు' అని మరొకటి ఉంటాయి. మే 1 నుంచి జూన్ 15 వరకు చెల్లే వీసాలో రోజుల అంకె 27 అని ఉంటే, ఆ నెలన్నరలో ఏ 27 రోజులైనా ఉండవచ్చునని అర్థం. నెలన్నరా ఉండవచ్చునని కాదు. ప్రయాణం ఒకటి రెండు వారాలు వెనక్కో ముందుకో జరిగినా ఇబ్బంది కలగకుండా వ్యవధిని కొంచెం విశాలంగా ఇస్తారు. ఆ విశాలతను రోజుల అనుమతిగా చదువుకొని గడువు మీరిపోయేవారు తిరిగి రావడానికి విమానాశ్రయానికి వచ్చినప్పుడు గాని పొరపాటు తెలుసుకోరు, అప్పటికి సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రవేశాల అంకె ప్రాముఖ్యం బ్రిటన్‌ను మధ్యలో కలుపుకునేవారికి తెలుస్తుంది. పారిస్ నుంచి రైలెక్కి లండన్‌లో బంధువుల దగ్గర మూడు రోజులుండి తిరిగి పారిస్ వచ్చే ప్రణాళికలో, లండన్ రైలు ఎక్కినప్పుడే షెంజెన్ నుంచి నిష్క్రమణ జరిగిపోతుంది. వీసా ఒకే ప్రవేశానిదైతే తిరిగి లోపలికి రావడం కుదరదు, తిరుగు విమానం పారిస్ నుంచే ఉన్నా సరే. బ్రిటన్‌ను ప్రయాణపు మొదట్లోనో చివర్లోనో పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు. బ్రిటన్ వీసా ఎలాగూ వేరుగా తీసుకోవాలి. బ్రిటన్, ఐర్లాండుల మధ్య మాత్రం భారతీయులకు 2015 నుంచి ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఆ పథకపు గుర్తు ఉన్న స్వల్పకాల వీసాతో, ముందు ఆ వీసా ఇచ్చిన దేశంలో దిగినవారు రెండో దేశానికి కూడా వెళ్లవచ్చు. ఆగ్నేయాసియా ప్యాకేజీ టూర్లలో సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ ఒకే కరపత్రంలో కనిపించినా వాటికి ఉమ్మడి వీసా అంటూ లేదు, ఏ దేశపు నియమం ఆ దేశానిదే.

డెల్టా రైతు ఫైలు

వీసా అధికారి ఫైలులో ప్రధానంగా వెతికేవి ప్రయాణ ప్రయోజనం, ఖర్చుకు తగిన డబ్బు, గడువులోపల స్వదేశానికి తిరిగి వస్తారన్న నమ్మకం. నెల జీతగాడు ఉద్యోగ ధ్రువపత్రం, జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టి ఈ ప్రశ్నలకు సులభంగా జవాబు చెబుతాడు. డెల్టా రైతుకు చిక్కు ఇక్కడే వస్తుంది. వ్యవసాయాదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు గనుక చాలామందికి రిటర్నులే ఉండవు. వరి డబ్బు ఏటా ఒకటి రెండుసార్లే చేతికి వస్తుంది. పొలం కౌలుకిచ్చినవారికి కౌలు బస్తాల లెక్కన నోటిమాట మీద ముడుతుంది. ఇంత ఆస్తి ఉండీ బ్యాంకు పుస్తకం చూస్తే బీదగా కనిపించడం ఈ ప్రాంతపు దరఖాస్తుల్లో ఉన్న అసలైన బలహీనత.

వేసవి ప్రయాణానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో దరఖాస్తు ఇచ్చేవారి బ్యాంకు స్టేట్‌మెంటును దగ్గరగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఆగస్టు నుంచి నవంబరు వరకు ఎరువులకూ కూలీలకూ డబ్బు పోతూనే ఉంటుంది; సార్వా పంట కోసి ధాన్యం అమ్మిన తర్వాత డిసెంబరులోనో జనవరిలోనో ఒక్కసారిగా లక్షలు జమ అవుతాయి; మాగాణిలో చల్లిన మినుము చేతికి వస్తే మార్చిలో మరికొంత వస్తుంది. పంటల వరుస తెలియని అధికారికి ఆ డిసెంబరు జమ వీసా కోసం ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఖాతాలో వేసినట్టు కనిపించవచ్చు. అందుకని ఆ జమ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాన్ని పక్కనే పెట్టడం రైతు దరఖాస్తుకు ప్రాణం. ధాన్యాన్ని ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి తోలి ఉంటే ఆ రశీదు, మిల్లరుకు అమ్మి ఉంటే మిల్లు ఇచ్చిన బిల్లు, ఉయ్యూరు కె.సి.పి. చక్కెర కర్మాగారానికి చెరకు తోలినవారికి చెల్లింపు చీటీ, చేపల చెరువులున్నవారికి కమీషన్ వ్యాపారి పట్టీ ఇందుకు పనికివస్తాయి. పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ నకళ్లు భూమి తమదేనని చూపుతాయి. అవి తెలుగులో ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. పొలం కౌలుకిచ్చినవారు కౌలును నగదుగా కాక బ్యాంకు ద్వారా పుచ్చుకొని, కౌలు పత్రం రాసుకొని ఉంచుకుంటే, ప్రయాణం నిర్ణయమయ్యే నాటికి ఏడాది చరిత్ర సిద్ధంగా ఉంటుంది. ఈ ఏర్పాటు దరఖాస్తుకు ముందు వారం చేసుకోగలిగినది కాదు. వచ్చే ఏడాది పిల్లల దగ్గరికి వెళ్లాలనుకునేవారు ఈ ఏడాది సార్వా నుంచే మొదలుపెట్టాలి.

ఈ కాగితాలన్నిటినీ కలిపి చెప్పేది కవరింగ్ లెటరు. అది పొడవుగా ఉండనవసరం లేదు. ఎవరు వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు, ఖర్చు ఎవరిది, తిరిగి వచ్చాక చేయవలసిన పనులేమిటి అన్నది ఒకటిన్నర పేజీలో రాస్తే చాలు. జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలే నాటికి నారుమళ్లు పోయించుకోవాలన్నది తిరిగి రావడానికి ఎంత బలమైన కారణమో రైతుకు తెలుసు, అధికారికి తెలియదు. ఆ ఒక్క వాక్యాన్ని లేఖలో రాయడానికి సంకోచించకూడదు. పిల్లలు ఖర్చు భరిస్తే, జర్మనీలో ఉన్నవారు అక్కడి విదేశీయుల కార్యాలయంలో తల్లిదండ్రుల ఖర్చులకు పూచీ పడుతూ ఒక అధికారిక పత్రం తీసుకోవచ్చు; ఫ్రాన్సులో ఇంట్లో బస ఇచ్చేవారు స్థానిక పురపాలక కార్యాలయం నుంచి ఆతిథ్య ధ్రువపత్రం తీసుకొని పంపాలి. మామూలు ఆహ్వాన లేఖ వీటికి బదులు కాజాలదు.

పేర్ల విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఒక గడిలో, అసలు పేరు మరో గడిలో ఉంటాయి; బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు నిలుస్తుంది; భూమి కాగితాల్లో తండ్రి పేరో భర్త పేరో కలిసి వస్తుంది; పెళ్లికి ముందు పాస్‌పోర్టు తీసుకున్న స్త్రీకి పుట్టింటి పేరు, ఆధార్‌లో మెట్టినింటి పేరు ఉంటాయి. దరఖాస్తు, టికెట్టు, బీమా, హోటల్ బుకింగ్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి; మిగిలిన కాగితాల్లో తేడా ఉంటే, అవన్నీ ఒకే మనిషివని తెలిపే ప్రమాణపత్రం జతచేయడం మంచిది. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై, తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లేదై, అందులో రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి.

బీమా తప్పనిసరి. కనీసం 30,000 యూరోల మేరకు, షెంజెన్ ప్రాంతమంతటా చెల్లేలా, అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, స్వదేశానికి తరలింపు వర్తించే పాలసీ కావాలి. వీసాకు సరిపోయే పాలసీ అన్నంత మాత్రాన అది రోగికి సరిపోతుందని కాదు. ఎప్పటి నుంచో ఉన్న షుగరు, రక్తపోటు, గుండె జబ్బులను చౌక పాలసీలు చాలావరకు మినహాయిస్తాయి. అరవై దాటిన తల్లిదండ్రులకు పాలసీ కొనే పిల్లలు ధర చూసే ముందు ఆ మినహాయింపుల పేజీ చదవాలి.

ప్రయోజనం మారితే

సందర్శక వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకొని ప్రదర్శన ఇవ్వడం ప్రయోజనానికి విరుద్ధం. కూచిపూడి ఉన్న ప్రాంతంలో ఈ మాట వివరంగా చెప్పుకోవాలి. విదేశీ తెలుగు సంఘం ఉగాదికో దసరాకో నర్తకులను పిలిచి, దారి ఖర్చులతో పాటు పారితోషికం ఇస్తే అది పని కిందికి రావచ్చు. ఏ మేరకు అనుమతి అవసరమో దేశదేశానికీ మారుతుంది కాబట్టి, పిలిచే సంఘమే ఆ దేశపు నియమం తెలుసుకొని, ఆహ్వానంలో ప్రదర్శన తేదీలు, పారితోషికం ఉన్నదీ లేనిదీ స్పష్టంగా రాసి పంపాలి, కళాకారులు అదే మాట దరఖాస్తులో చెప్పాలి. పెడన కలంకారీ వ్యాపారి అక్కడి వస్త్ర ప్రదర్శనకు వెళ్లి కొనుగోలుదారులను కలవడం స్వల్పకాల వీసాలోనే వీలైన పని గాని, అతడు పర్యాటకుడిగా కాక వ్యాపార ప్రయోజనం చూపి దరఖాస్తు చేయాలి.

నియమాలు పాటించినవారికి దారి సులభమవుతుంది. 2024 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ భారతీయుల విషయంలో చేసిన నిర్ణయం ప్రకారం, భారతదేశంలో నివసిస్తూ గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు పొంది, వాటిని చట్టబద్ధంగా వాడుకున్నవారికి రెండేళ్ల పాటు అనేక ప్రవేశాలకు చెల్లే వీసా, దాని తర్వాత పాస్‌పోర్టు గడువు సరిపోతే సాధారణంగా ఐదేళ్ల వీసా ఇస్తారు. ఏటా మనుమల్ని చూసి రావాలనుకొనేవారికి ఇది పెద్ద వెసులుబాటు. వీసా ఎన్నేళ్లదైనా 180లో 90 అన్న పరిమితి మాత్రం మారదు.

దరఖాస్తు తిరస్కరిస్తే, కారణాలకు ఎదురుగా గుర్తుపెట్టిన పత్రం ఇస్తారు. అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది, దాని పద్ధతి ఆ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. ప్రయాణ ప్రయోజనం రుజువు కాలేదన్న గుర్తుకు విరుగుడు మెరుగైన రోజుల పట్టిక, ఆహ్వాన పత్రం; డబ్బు చాలదన్న గుర్తుకు ఆదాయపు మూలం చూపే కాగితాలు; తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదన్న గుర్తుకు భూమి, కుటుంబం, పనుల వివరాలు. వీటిని సరిచేసుకొని మళ్లీ దరఖాస్తు చేయడానికి అడ్డేమీ లేదు. దొంగ కాగితం పెట్టారన్న గుర్తు మాత్రం అన్నిటికంటే ప్రమాదకరమైనది. చాలా సందర్భాల్లో ఆ కాగితాన్ని పెట్టినది ఏజెంటే అయినా, సంతకం దరఖాస్తుదారుది కాబట్టి ఫలితమూ వారే అనుభవించాలి. ఏజెంటు తయారుచేసిన ఫైలులో ప్రతి పేజీ చూడకుండా సంతకం చేయకూడదనడానికి ఇదే కారణం.

వీసా చేతిలో ఉన్నా సరిహద్దు అధికారి తిరుగు టికెట్టు, బస, ఖర్చు డబ్బు, బీమా గురించి అడగవచ్చు; ఆ కాగితాల నకళ్లు చెక్-ఇన్ సామానులో కాక చేతి సంచిలో ఉండాలి, అక్కడున్న పిల్లల చిరునామా, ఫోను నంబరు వేరే చీటీ మీద రాసి ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటరులో నమోదు చేసే వ్యవస్థ మొదలైంది. 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లోనూ పాస్‌పోర్టు మీద ముద్ర స్థానాన్ని అదే తీసుకునేలా ఏర్పాటు చేశారు. ఎవరు ఎన్ని రోజులు ఉన్నారో యంత్రమే లెక్కగట్టి గడువు దాటినవారిని చూపుతుంది గనుక, ఒక్క రోజు దాటితే ఎవరూ చూడరన్న పాత ధైర్యానికి ఇక చోటు లేదు. ముద్రలు లేని పాస్‌పోర్టులో తేదీలు కనిపించవు కాబట్టి, తర్వాతి ప్రయాణానికి రోజులు లెక్కించుకోవడానికి ప్రయాణికులే తమ రాకపోకల తేదీలను ఒక పుస్తకంలో రాసుకొని, బోర్డింగ్ పాసులను దానితో పాటు భద్రపరచుకోవాలి.